తోలు కోటు – తంగేడు చెక్క
(ప్రసంగ పాఠము)

హార్సిలీ కొండలకు పోయే దారిలో, బి.కొత్తకోట అంగడి వీధిలో, ఒక పుష్యమాసపు సాయంకాలము మేము టీ త్రాగుతూ నిలిచి ఉన్నాము. మోటారు సైకిళ్ళ మీద నలుగురైదుగురు కుర్రవాళ్ళు వచ్చి దిగినారు. అందరి ఒంటిమీదను ముదురు గోధుమవన్నె కోట్లు. నడుము దగ్గర, మణికట్ల దగ్గర అల్లిక పట్టీ, ముందు జిప్పు, జేబులకు మూతలు. ఒకరి వీపు మీద రెక్కలున్న పులిబొమ్మ కూడ ఉన్నది. అడిగి తాకి చూడగా అది తోలు కాదు, రెక్సిను. అయినను కోత మాత్రము అచ్చముగా అదే. ఏది అంటారా? రెండవ ప్రపంచ యుద్ధములో అమెరికా యుద్ధ విమాన చోదకులు తొడిగిన కోటు. ఆ సంగతి ఆ పిల్లలకు పట్టలేదు. పట్టవలసిన పని కూడ లేదు. మమ్ము మాత్రము ఆ కోటు ఆ రాత్రి నిద్రపోనీయలేదు.

అమెరికా సైనిక విమాన దళము 1931లో ఒక కొత్త కోటును అంగీకరించి దానికి ఏ-2 అని పేరు పెట్టినది. శ్రోతలు నవ్వకుండ వినవలెను: కాగితాలలో దాని పేరు వేసవి కోటు. మన మదనపల్లె ఎండలో తోలు కోటు తొడిగినవాడిని వైద్యుని దగ్గరకు తీసికొనిపోతాము. కాని ఆకాశములో లెక్క వేరు. కొత్తకోటలో చొక్కాతో తిరిగినవాడు నాలుగువేల అడుగులు దాటిన హార్సిలీ కొండ మీదికి పోగానే శాలువ వెదుకుకొంటాడు. సుమారుగా వేయి మీటర్లు పైకి పోయినకొద్దీ ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. తొమ్మిదివేల మీటర్ల ఎత్తున ఉష్ణదేశాల గాలి కూడ గడ్డకట్టే చలికి పాతిక, ముప్పది డిగ్రీల దిగువన ఉంటుంది. అంత ఎత్తున బాంబులు వేసే విమానాలలో పోయేవారికి గొఱ్ఱె ఉన్నితోనే కుట్టిన మందపు కోట్లు వేరుగా ఉండేవి. అటువంటిది తొడిగితే ఇరుకు గదిలో ఒంటరిగా కూర్చుండి మెడ తిప్పుతూ పోరాడవలసిన యుద్ధ విమాన చోదకునికి చేయి ఆడదు. అతనికి కావలసినది గాలిని ఆపే పలుచని తోలు, పైన కాళ్ళకు చేతులకు స్వేచ్ఛ. అదే ఈ వేసవి కోటు.

ఏ-2 కోట్లలో ఎక్కువ భాగము గుఱ్ఱపు తోలుతో కుట్టినవి. పొలాలలోనికి ట్రాక్టర్లు, వీధులలోనికి మోటార్లు వచ్చి పని పోగొట్టుకొన్న గుఱ్ఱముల తోలు ఆ దేశములో చవుకగా దొరికినది. ఆవుతోలు బూట్లకు కావలసి ఉండెను. నావికాదళము వారి కోటు మాత్రము వేరు. కాలరు మీద బొచ్చు ఉండే ఆ కోటు మేకతోలుది. మేకతోలు పలుచన, కాని తొందరగా చిరుగదు, తడిసినను బిగుసుకొనిపోదు. దాని పైన సన్నని గులకల వంటి గింజ కనిపిస్తుంది. మన పల్లెలలో డప్పు మూయించుకొనేవారికి ఈ గుణాలు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇక్కడనే కథ మన వైపు తిరుగుతుంది. పందొమ్మిదవ శతాబ్దములో మద్రాసు రాజధాని తోళ్ళకు లండనులోను అమెరికాలోను మంచి పేరు. ఆ పేరుకు మూలము తంగేడు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము మెట్టలలో బీడుగా పడియున్న చోటెల్ల పచ్చగా పూచే ఆ పొదయే. దాని కొమ్మలు నరికి, కొట్టి, చెక్క ఒలిచి ఎండబెట్టి బండ్ల కెత్తేవారు. కుప్పము దాటితే వాణియంబాడి, ఆంబూరు. అక్కడి తోళ్ళ కార్ఖానాలు ఈ చెక్కను, ఈ మెట్టల మేకతోళ్ళను రెంటినీ తీసికొనేవి. పని తీరు ఇది: తోలును నానవేసి, సున్నపు నీటిలో ఉంచి, వెండ్రుక గీచి, లోపలి కండను చెక్కి, సున్నము కడిగి, తంగేడు చెక్క ఊట ఉన్న లందలో దించుతారు. రోజుకు రోజు ఊట చిక్కన చేస్తారు. చివరకు కరక్కాయ నీరు, నూనె. కుళ్ళిపోవలసిన వస్తువు ఏళ్ళ తరబడి నిలిచే వస్తువు అయ్యేది ఆ లందలోనే. వాసన భరించినవాడే దానిని చేయగలడు.

1884లో న్యూయార్కులో ఆగస్టస్ షుల్జ్ అనే రసాయనవేత్త క్రోమియం లవణములతో తోలు పదును చేసే పద్ధతికి పేటెంటు పొందినాడు. కొద్ది యేండ్లలోనే ఫిలడెల్ఫియాలో రాబర్ట్ ఫోర్డెరర్ ఆ త్రోవలో మేకతోలును మెత్తగా, నిగనిగలాడేట్లు చేసి లోకమునకు చూపించినాడు. వారాలు పట్టే పని గంటలలోనికి, ఒకటి రెండు రోజులలోనికి వచ్చినది. ఆ పద్ధతికి కావలసినది తంగేడులో మునిగిన తోలు కాదు, పచ్చితోలు. అమెరికా వర్తకులు మన లందల తోలును వదలి మన మేకల పచ్చితోళ్ళను కొనసాగినారు. 1890ల చివరకు మద్రాసు కార్ఖానాలు ఎన్నో మూతపడినవి. మేక మనదే, పని మాత్రము ఓడ ఎక్కిపోయినది. మద్రాసులో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ 1903లో క్రోము పద్ధతిని ప్రయోగించి చూచుటకు ఈ దెబ్బయే ఒక కారణము. అమెరికా మేకతోలు పరిశ్రమకు అటుపిమ్మట దశాబ్దముల పాటు భారతదేశము ముఖ్యమైన పచ్చితోళ్ళ గని. మూటలలో కలిసిపోయిన తోలుకు ఊరు పేరు ఉండదు. పుంగనూరు గుట్టమీద మేసిన మేక, పాట్నా మేక ఒకే కుప్పలో పడి ఒకే ధర పలికినవి.

రెక్కల పులిబొమ్మ అన్నాము కదా. చీనాకు సాయముగా 1941లో కూడిన అమెరికా స్వచ్ఛంద వైమానికుల గుర్తు అది. వారిలో సగము కంటె ఎక్కువ మంది నావికాదళము నుండి, మెరైన్ల నుండి వచ్చినవారు. కనుక మేకతోలు కోట్లు ఆ గుంపుకు కొత్త కాదు. కోటు మీద చీనా జెండా, దాని క్రింద చీనా లిపిలో నాలుగు మాటలు ఉన్న గుడ్డముక్క కుట్టుకొనేవారు. ఈ పరదేశి మనకు సాయముగా యుద్ధానికి వచ్చినాడు, ఇతనిని కాపాడండి అని దాని భావము. భాష రాని దేశములో విమానము కూలినవాడు తన వీపు చూపించి అన్నము అడుగవలెను.

వారిలో ఒక దళము 1941 డిసెంబరులో రంగూనులో ఉన్నది. ఆ నెల 23న, మరల క్రిస్మసు నాడు జపాను విమానాలు రంగూనును కొట్టినవి. ఆ రేవులో మూటలు మోసినవారిలో, బియ్యపు మిల్లులలో పని చేసినవారిలో తెలుగువారు ఎందరో. రంగము పోవుట అనే మాట మన ఉత్తరాది జిల్లాలలో ఒక తరము ఇంటింటా విన్నది. పైన ఈ కోట్లవారు, బ్రిటిషు వైమానికులు జపాను వారితో పోరాడుతుండగా క్రింద వీరు మండే రేవు విడిచి పరుగెత్తినారు. తరువాతి నెలలలో లక్షల మంది భారతీయులు అడవుల గుండ, కొండల గుండ కాలినడకన బయలుదేరినారు. దారిలో ఎంతో మంది పోయినారు. వీరి వీపున ఏ భాషలోను ఎవరూ ఏమీ వ్రాసి కుట్టలేదు.

యుద్ధము ముగియకముందే తోలు కోటు రోజులు ముగిసినవి. 1943లో అమెరికా వైమానిక దళాధిపతి జనరల్ ఆర్నాల్డు తోలు కోట్ల కొత్త కొనుగోళ్ళు ఆపివేసినాడు. బదులుగా గుడ్డ కోట్లు వచ్చినవి. కోట్లు ఉన్నవారు వదలక తొడిగినారనుట వేరు సంగతి.

మన వైపు కథకు మరియొక పేరు చెప్పవలెను. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో వ్యవసాయ కుటుంబములో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు కాశీ విశ్వవిద్యాలయములో చదివి, చర్మశాస్త్రమును వరించి, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయములో డాక్టరేటు పొందినారు. 1948లో మద్రాసులో నెలకొన్న కేంద్ర చర్మ పరిశోధనా సంస్థకు 1958లో డైరెక్టరయినారు. ఇంతటి చదువు చదివి తోళ్ళ పనియా అని ముక్కు మూసుకొనే లోకములో ఆయన లంద దగ్గరకు పోయి నిలుచున్నారు. పచ్చితోలు అమ్ముకొనే దేశము పదును చేసిన తోలు, కుట్టిన వస్తువు అమ్మవలెనని ఆయన పట్టు. 1890లలో ఓడ ఎక్కిపోయిన పనిని తిరిగి రప్పించుటయే అది. 1985 జూన్ 23న ఐర్లండు తీరమునకు దూరముగా సముద్రము మీద పేల్చివేయబడిన ఎయిరిండియా కనిష్క విమానములో ఆయన కూడ ఉన్నారు.

మరునాడు ఉదయము కొత్తకోట వెలుపల ఒక పాడుబడిన కపిలి బావి దగ్గర ఆగినాము. పంపుసెట్లు రాకముందు ఈ మెట్టల పైరంతా కపిలి నీటిమీదనే. రెండు ఎద్దులు వాలు దిగుతుంటే తోలు బాన నీళ్ళతో పైకి వచ్చి తొండము గుండ కాలువలో క్రుమ్మరించేది. ఆ బానను, ఆ తొండమును, ఎద్దుల మెడ పట్టెడలను పదును చేసి కుట్టి ఇచ్చినవారు మాదిగవారు. వారు కుట్టిన తోలులో వచ్చిన నీరు వరికి పారినది, చెరకుకు పారినది. అదే ఊరిలో త్రాగే నీటి బావిలో మాత్రము వారు కడవ ముంచరాదు.

ఆ తోలు కోట్లు ఇప్పుడు అమెరికాలో ప్రదర్శనశాలలలో అద్దాల పెట్టెలలో ఉన్నవి. ఎవరు తొడిగినారో, ఏ దళమో, ఎన్నిసార్లు ఎగిరినారో కార్డు మీద వ్రాసి ఉంటుంది. అక్కడి వైమానిక దళము 1988లో ఏ-2 కోటును మరల తెచ్చినది, ఈమారు మేకతోలుతోనే. కొత్తకోట బావి ఒడ్డున మిగిలినవి రెండు రాతి దిమ్మెలు, మోకు ఒరిసిన గాడి. తోలు బాన ఎప్పుడు పోయినదో అడిగితే గట్టుమీద మేకలు కాస్తున్న ముసలాయన చేయి ఊపినాడు. బావి లోపలి గోడ పగుళ్ళలో తంగేడు పూచి ఉన్నది.