విశాఖపట్టణ నౌకాస్థావరము



నౌకాస్థావరమనగానే పలువురి మనస్సులందు యుద్ధనౌకలును ఫిరంగులును మాత్రమే మెదలును. కాని ఎంతటి ఓడయైనను సముద్రముపై కొంతకాలమే ఉండగలదు. ఇంధనము, మంచినీరు, ఆహారము, మరమ్మతు, నావికులకు విశ్రాంతి, వైద్యము, ఇవన్నియు ఒడ్డుననే లభింపవలెను. వీనిని సమకూర్చునదే స్థావరము. ఓడల బలము ఒడ్డుననున్నవారి పనిపై ఎంతగా ఆధారపడియుండునో తెలియుటకు విశాఖపట్టణమే చాలిన నిదర్శనము.

తూర్పు తీరమున సహజమైన రేవులు అరుదు. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ అను కొండ సముద్రములోనికి చొచ్చుకొనివచ్చి అలల తాకిడిని అడ్డగించుచున్నది. ఆ కొండ వెనుక, మేఘాద్రిగెడ్డ వచ్చి చేరు పర్రనేలను త్రవ్వి లోపలి రేవును నిర్మించిరి. ఇసుక మేటవేసి ద్వారము పూడిపోకుండుటకై రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా నిలిపిరి. 1933 అక్టోబరు 7వ తేదీన 'జలదుర్గ' అను ఓడ తొలిసారిగా ఈ రేవున ప్రవేశించెను.

లోపల నిలిచిన ఓడకు అలల బెడద లేదు. అయితే రాకపోకలకు ఆ ఇరుకైన కాలువయే దారి. శత్రువు దాని ముందు మైన్లు పరచినచో లోపలి ఓడలు వెలికి రాజాలవు. వెలుపలి ఓడలు లోనికి పోజాలవు. కాపాడు ద్వారమే కట్టివేయు ద్వారమును కాగలదు. కావుననే ద్వారమును నిరంతరము కనిపెట్టియుండుట ఈ స్థావరమునకు మొదటి పని.

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపై బాంబులు వేసెను. ఈ తీరమునకు యుద్ధము దూరము కాదని ఆనాడే తేలినది. స్వాతంత్ర్యానంతరము 1968 మార్చి 1వ తేదీన తూర్పు నౌకాదళ కమాండు ఏర్పడెను. ఆ సంవత్సరమే భారత నౌకాదళపు మొదటి జలాంతర్గామియైన 'కల్వరి' విశాఖకు చేరెను. సోవియట్ యూనియను సహాయముతో ఇచ్చటి డాక్‌యార్డు పెరిగినది.

డాక్‌యార్డులోని పని చూడదగినది. ఓడను డ్రైడాకులోనికి తెచ్చి, తలుపు మూసి, నీటిని తోడివేయుదురు. అంతవరకు నీట మునిగియున్న అడుగుభాగము అప్పుడు బయల్పడును. దానికి పట్టిన గుల్లలను, నాచును గీకి, తుప్పు రాల్చి, రంగు పూయుదురు. చుక్కానిని, పంకాలను పరీక్షింతురు. అడుగున గుల్లలు పేరుకొన్న ఓడ వేగము తగ్గును, ఇంధనమును అధికముగా త్రాగును. జలాంతర్గాములకు 'వీరబాహు', వాని సిబ్బంది శిక్షణకు 'శాతవాహన', విమానములకు 'డేగ', వైద్యమునకు 'కల్యాణి' అను విభాగములు ఏర్పడినవి. ఒడ్డుననున్న ఈ విభాగములకు సైతము ఓడల వలెనే పేళ్లు పెట్టుట నౌకాదళపు ఆచారము.

ఒడ్డు పని ఎంతటిదో 1971వ సంవత్సరము చూపినది. నాడు విమానవాహక నౌక 'విక్రాంత్' తూర్పు నౌకాబలమునకు ప్రధానాధారము. దానిని మట్టుపెట్టుటకై పాకిస్తాను జలాంతర్గామి 'ఘాజీ' నవంబరు మధ్యలో కరాచీ నుండి బయలుదేరెను. తూర్పు కమాండు అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంతును అండమాను దీవులకు పంపి, అది విశాఖ ప్రాంతముననే ఉన్నట్లు శత్రువు తలచు ఉపాయము పన్నెను. 'రాజపుత్' అను నౌక విక్రాంతువలె వైర్‌లెస్ సందేశములు పంపెను. బజారున కూరగాయలు, మాంసము మొదలగు సరకులను పెద్ద ఓడలకు చాలునంతగా తెప్పించిరి. సరకుల పట్టీ సైతము నాడు ఆయుధమైనది!

డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి దాటిన పిమ్మట ఘాజీ విశాఖ ద్వారము చెంతనే ప్రేలి మునిగినది. రాజపుత్ వేసిన డెప్త్‌చార్జీలే కారణమని భారత పక్షమువారును, తాను పరచుచున్న మైన్లే ప్రేలినవని పాకిస్తాను పక్షమువారును చెప్పుచున్నారు. ఏది నిజమైనను అందలి నావికులందరును మరణించిరి. వారును ఆజ్ఞను పాటించినవారే. వారి ఇండ్లలోను ఎదురుచూచినవారు కలరు. విజయమును తలచుకొను వేళ దీనిని మరువరాదు.

యుద్ధము లేనపుడును స్థావరము ఊరకుండదు. 2004లో సునామీ సంభవించినపుడు సహాయసామగ్రితో నౌకలు కదలినవి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖనే తాకి, డేగ విమానకేంద్రమును సైతము దెబ్బతీసెను. 2020 మే నెలలో కరోనా కాలమున 'జలాశ్వ' మాల్దీవుల నుండి 698 మంది భారతీయులను కొచ్చికి చేర్చెను. యుద్ధకాలమున సైన్యమును మోయుటకు ఉద్దేశింపబడిన ఓడయే నాడు తల్లులను, బిడ్డలను ఇంటికి తెచ్చినది.

2001లో సేవ చాలించిన 'కుర్సుర' జలాంతర్గామిని విశాఖ సముద్రతీరమున ప్రదర్శనశాలగా నిలిపిరి. పల్లెల నుండి పోయినవారు దాని ఇరుకైన గదులను, ఒకదానిపై నొకటిగా నున్న పడకలను చూచి ఆశ్చర్యపడుదురు. ఆ గదులలో మెలగినవారిని సురక్షితముగా ఒడ్డు చేర్చుటకు పాటుపడిన వెల్డరును, ఫిట్టరును, వంటవానిని, వైద్యుని, సరకుల గుమాస్తాను కూడ అచ్చట తలచుకొనుట న్యాయము. వారి పేళ్లు ఏ ఓడపైనను వ్రాయబడవు. అయినను ఆ ఇరుకు ద్వారము దాటి వెళ్లు ప్రతి నౌకయు వారి పనిని నమ్మియే బయలుదేరుచున్నది.