పదకొండు మీటర్ల దూరం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



‘విజయానికి మెట్లు’ అనే అంశం మీద మాట్లాడమన్నారు నన్ను. ఇంజనీరును కాబట్టి మెట్ల కొలతల గురించైతే గంటసేపు చెప్పగలను. విజయాల గురించి పొద్దుటి నుంచి చాలామంది చెప్పారు. నేను ఒక ఓటమి గురించి చెప్తాను. మా బ్యాచ్ మళ్ళీ ఒకచోట చేరింది దానివల్లనే.

మాది 1986 పదో తరగతి బ్యాచ్. మాకూ ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. చాలాకాలం అందులో గుడ్ మార్నింగ్ పూలు, పుట్టినరోజు కేకులు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. అమెరికాలో ఉన్నవాళ్ళు ఇంటి ఫోటోలు పెడితే మిగతావాళ్ళు బొటనవేలు చూపించేవాళ్ళు. అంతే సంబంధం.

2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్‌ను షూటౌట్‌లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ రోజు మా గ్రూపులో కొంచెం సందడి మొదలైంది. మరుసటి ఏడు సెమీఫైనల్ మొదటి మ్యాచ్, మార్చి 9న, గచ్చిబౌలిలో. హైదరాబాద్‌లో ఉంటున్న నలుగురం కలిసి పోయాం. ఒక్క గోల్ పడలేదు. “పైసలు పెట్టి తీస్కపోయి ఒక్క గోల్ సూపియ్యలేదు” అని టికెట్లు కొన్నవాణ్ణి ఇప్పటికీ తిడుతుంటాం.

రెండో మ్యాచ్ 13న కోల్‌కతా సాల్ట్‌లేక్‌లో, ఏటీకే మోహన్ బగాన్‌తో. నూట ఇరవై నిమిషాలు ఆడినా గోల్ లేదు. షూటౌట్‌లో 4-3 తేడాతో మనవాళ్ళు ఓడిపోయారు. గ్రూపులో తిట్ల వాన. కోచ్‌ను తిట్టారు, కొట్టినవాణ్ణి తిట్టారు, చివరికి గోల్‌కీపర్ దగ్గరికి వచ్చారు. అప్పుడొక మెసేజ్ వచ్చింది. సౌదీ నెంబరు. గ్రూపులో చేర్చిన నాటి నుంచి అందులోంచి ఒక్క ముక్క కూడా రాలేదు.

“గోల్‌కీపర్‌ను ఏమనకుర్రి. ఆ బాధ నాకెరుక.”

వాడు మన స్కూల్ టీమ్ గోల్‌కీపర్. 1985లో మనకు ఉన్నది ఒక్క తోలు బంతి. బ్లాడర్ పంక్చరైతే సైకిల్ షాపులో అతుకు వేయించేవాళ్ళం. ఎవరికీ బూట్లు లేవు. అట్లాంటి టీమ్ కోరుట్లలో సెమీఫైనల్ దాకా పోయింది. చివర్లో ఒక పెనాల్టీ. వీడు ఎడమకు దూకాడు, బంతి కుడికి పోయింది. తర్వాతి ఏడు మాకు పది పరీక్షలు, అది అయ్యాక తలా ఒక దారి. వాడు చక్కెర ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డాక, నలభై దాటిన వయసులో, విమానం ఎక్కాడు.

ఆ రాత్రి నేను ఫోన్ చేశాను. మొదట మాట్లాడలేదు. తర్వాత, తనవల్లే ఓడిపోయామని ఊరంతా అనుకుంటున్నదని, అందుకే పెళ్ళిళ్ళలో కూడా మమ్మల్ని తప్పించుకుని తిరిగానని చెప్పాడు. ముప్ఫై ఏడేళ్ళు!

తెల్లారి గ్రూపులో అడిగాను, ఆ మ్యాచ్ ఎవరికి ఏం గుర్తుందని. ఒకడు రెండు గోల్స్‌తో ఓడామన్నాడు. ఒకడు అసలు మనమే గెలిచామన్నాడు. మరొకడికి కోరుట్ల బస్టాండ్ దగ్గర సార్ కొనిపెట్టిన మిర్చి బజ్జీలు తప్ప ఏమీ గుర్తులేవు. ఎడమకు దూకిన సంగతి వాడికి ఒక్కడికే గుర్తుంది.

నాకు తెలిసిన ఓదార్పు లెక్కలే. పెనాల్టీ చుక్క నుంచి గోల్ గీత పదకొండు మీటర్లు. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో కొడితే బంతి చేరడానికి సుమారు 0.4 సెకన్లు. కన్ను చూసి, ఒళ్ళు కదలడం మొదలవడానికే అందులో సగం పోతుంది. గోల్ వెడల్పు 7.32 మీటర్లు. చూసి దూకితే అందదు, అందుకే ముందే ఏదో ఒకవైపు ఎంచుకోవాలి. ఇదంతా రాసి పంపాను. వాడి జవాబు: “గిదేదో అప్పుడే చెప్తే అయిపోవుగదరా!”

దీనికి ముందు ఇంకో పెద్ద ఓటమి ఉంది, మన ఉపాధ్యాయులు వినదగ్గది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు సెమీఫైనల్లో యుగోస్లావియా మీద మొదటి గోల్ తానే కొట్టి, 1-4తో ఓడింది. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 0-3. వట్టి చేతులతో తిరిగొచ్చింది. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్ బడుల్లో పాఠాలు చెప్పిన పంతులు. ఎడమకాలు బలహీనంగా ఉన్నవాడిని దానితోనే ఆడించే పోటీలు పెట్టిన మనిషి. ఓడిన పిల్లల్ని ఆయన వదిలేయలేదు. ఆ జట్టులోని గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, హైదరాబాద్‌లో పుట్టినవాడు, 1962 జకార్తా ఏషియాడ్ ఫైనల్లో గోల్‌లో నిలబడ్డాడు. దక్షిణ కొరియా మీద 2-1తో స్వర్ణం వచ్చింది. అప్పటికే రహీం సాబ్ ఒంట్లో క్యాన్సర్ ఉంది, మరుసటి ఏడాదే పోయారు. ఆ రెండు జట్లలోనూ ఆడిన మన సికింద్రాబాద్ బలరాం గారు బెంగాల్‌లోనే స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు. నేను చెప్పిన సెమీఫైనల్‌కు నెల కూడా ముందు కాదు.

తంగరాజ్‌కు ఆరేళ్ళకు రెండో అవకాశం దొరికింది. మా వాడికి దొరకలేదు. స్కూల్ టీమ్‌లకు ఏషియాడ్ ఉండదు కదా. ఈ హాల్లో లేని మా బ్యాచ్ వాళ్ళను నిన్న లెక్కపెట్టాను. పోయినవాళ్ళు నలుగురు. మిగతా పదకొండు మందిలో సగం మంది ఇక్కడికి గంట దూరంలోనే ఉన్నారు. బీడీల కార్ఖానాలో, పసుపు చేలల్లో, సిరిసిల్ల మగ్గాల దగ్గర. “మేమొచ్చి ఏం చెప్పుకుంటం” అన్నారు. ఆహ్వానపత్రికలో అమెరికా, ఆస్ట్రేలియా పేర్లు పెద్ద అక్షరాల్లో వేశాం కదా, అది చదివి అంటున్న మాట. సంఘం వాళ్ళు కోపగించుకోకుండా వచ్చేసారి ఆ పత్రిక కొంచెం మార్చాలి. పిలవడానికి కార్డు సరిపోదు, ఇంటికే పోవాలి.

మా గోల్‌కీపర్ సెలవు మీద వచ్చే నెల ఊరికి వస్తున్నాడు. ఆలోపు గ్రౌండులో గోల్‌పోస్టులు నిలబెట్టాలని మా బ్యాచ్ అనుకున్నది. ఇప్పుడున్నవి రెండు రాళ్ళే. డ్రాయింగ్ నాది, 7.32 వెడల్పు, 2.44 ఎత్తు, సెంటీమీటర్ తేడా రాదు. పైపులు వచ్చేశాయి. ఆదివారం పొద్దున ఆరు గంటలకు గుంతలు తవ్వుతాం. గడ్డపారలు రెండే ఉన్నాయి, ఇంట్లో ఉన్నవాళ్ళు తీసుకురండి.