అర్జీ ఎవరి బల్ల మీదికి?



సాహిత్య సభలో అర్జీల ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కథలకూ కవితలకూ సంకలనాలు వేసుకున్నాం. ఏలినవారికి జనం పెట్టుకున్న అర్జీలను మాత్రం కచేరీ కాగితాలని వదిలేశాం. నన్నడిగితే అవీ వచనమే, ప్రాణం మీదికి వచ్చినప్పుడు రాసిన వచనం.

ఒక ఉదాహరణ చెబుతాను. మనముంటున్న ఈ అమెరికా ఏలుబడిలోనే గువామ్ అనే దీవి ఉంది. 1898లో స్పెయిన్ నుంచి అమెరికా చేతికొచ్చింది. అధ్యక్షుడు మెకిన్లీ దాన్ని నౌకాదళానికి అప్పగించారు. నౌకాదళ అధికారే గవర్నరు. చట్టం చేసేదీ అమలు చేసేదీ ఆయనే, కోర్టులూ ఆయన కిందే. ఆయన మీది ఫిర్యాదు తిరిగి ఆయన బల్ల మీదికే చేరేది. 1901లో 32 మంది పెద్దలు సైనిక పాలన వద్దని వాషింగ్టన్‌కే అర్జీ పెట్టుకున్నారు. 1917లో గువామ్ కాంగ్రెస్ అనే సభ ఏర్పడింది. అందులో గోడు చెప్పుకోవచ్చు, అంతే. 1936లో బోర్దాల్యో, లియోన్ గెరెరో అనే ఇద్దరు జనం చందాలతో వాషింగ్టన్ వెళ్లి పౌరసత్వం అడిగారు. సెనేట్‌లో బిల్లూ వచ్చింది. నౌకాదళం వద్దంది, బిల్లు మూలపడింది. ఎవరి మీద ఫిర్యాదో వాళ్లనే అభిప్రాయం అడిగితే మరేం జరుగుతుంది!

1949లో గువామ్ కాంగ్రెస్ దిగువ సభ ఒక అమెరికన్ ఉద్యోగిని విచారణకు పిలిచింది. స్థానిక చట్టాన్ని తప్పించుకుని వ్యాపారం నడుపుతున్నాడన్నది అనుమానం. అతను సాక్ష్యం చెప్పనన్నాడు. సభ అరెస్టు వారెంటు జారీచేస్తే గవర్నరు పౌనల్ అడ్డుపడ్డారు. మార్చి 5న సభ్యులు లేచి వెళ్లిపోయారు. అక్కడితో ఆగితే ఆ గొడవ దీవి దాటేది కాదు. కార్లోస్ తైతానో అనే సభ్యుడు ముందే పరిచయం చేసుకున్న విలేకరులకు తంతి పంపాడు. అమెరికా పత్రికలు అచ్చువేశాయి. ఆ సెప్టెంబరుకే పౌర గవర్నరు వచ్చారు. 1950 ఆగస్టు 1న అధ్యక్షుడు ట్రూమన్ సంతకంతో పౌరసత్వమూ వచ్చింది. అంతా ఒక్క తంతి మహిమేనని అనను. యుద్ధం తర్వాత భూములు పోగొట్టుకున్నవాళ్ల కోపం అప్పటికే రాజుకుని ఉంది. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఓటు ఆ దీవిలో ఉన్నవాళ్లకు నేటికీ లేదు. నిన్నగాక మొన్న పౌరసత్వం తీసుకున్న మనకు ఉంది.

గువామ్ పెద్దల 1901 నాటి అర్జీకి దాదాపు యాభై ఏళ్ల ముందే మనవాళ్లు ఈ దారి తొక్కారు. 1852లో గాజుల లక్ష్మీనరసు చెట్టి పెట్టిన మద్రాసు నేటివ్ అసోసియేషన్ ఈస్టిండియా కంపెనీకి కాక నేరుగా బ్రిటిష్ పార్లమెంటుకు అర్జీ పంపింది. శిస్తు కోసం రైతులను హింసిస్తున్నారన్నది అందులో పెద్ద ఆరోపణ. పోలీసు అధికారమూ శిస్తు వసూలూ ఒకే తహసీల్దారు చేతిలో ఉన్న రోజులవి. పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమర్ 1853లో వచ్చి చూశారు. ఆ తర్వాత వేసిన విచారణ సంఘం 1855లో హింస నిజమేనని తేల్చింది.

ఆ నివేదిక ఇంగ్లీషులో అచ్చయింది. తెలుగు జిల్లాల రైతులు చెప్పుకున్నది తెలుగులో. ఆ వాఙ్మూలాలను మళ్లీ తెలుగులోకి తెచ్చే పని ఈ సభ తలకెత్తుకోవాలని నా ప్రతిపాదన. చేయగలిగినవారు మధ్యాహ్నం చర్చలో పేర్లు ఇవ్వండి.