ఆయన కథలో ఆమెకెంత చోటు?



సినిమాల్లో స్త్రీ గురించి మాట్లాడమన్నారు. నేను ఒక్క విషయమే తీసుకుంటాను. పేరున్న మగవాడి జీవితాన్ని సినిమాగా తీసినప్పుడు, అందులో కనిపించే పేరున్న స్త్రీకి దక్కేదేమిటి?

గురజాడ కన్యాశుల్కం 1892లో మొదట ఆడింది ఈ విజయనగరంలోనే. 1909 నాటి కూర్పులో ఆయన మధురవాణి పాత్రను బాగా పెంచారు. గిరీశం బండారం చివరికి ఆమె వల్లే బయటపడుతుంది. 1955లో ఆ నాటకం సినిమాగా వచ్చినప్పుడు రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి. ఇద్దరూ సమ ఉజ్జీలు.

2019లో 'ఎన్.టి.ఆర్. కథానాయకుడు' వచ్చింది. అందులో సావిత్రిగా నిత్యా మేనన్, శ్రీదేవిగా రకుల్ ప్రీత్ సింగ్ కనిపించారు. నటీమణులను తప్పుపట్టడం లేదు. కథ ఆయనది కాబట్టి సావిత్రి అందులో ఒక మజిలీ మాత్రమే. 1968లో 'చిన్నారి పాపలు'కి దర్శకత్వం వహించి, సంగీతం పి. లీల చేతికిచ్చిన సావిత్రి అలాంటి కథలో ఇమడదు.

ఇది మన దగ్గరే కాదు. ఫ్రాన్సులో సెర్జ్ గేన్స్‌బూర్ అనే సంగీతకారుడి మీద 2010లో సినిమా వస్తే, సుప్రసిద్ధ నటి బ్రిజిట్ బార్డోగా లెటీషియా కాస్టా నటించింది. అక్కడా బార్డో అతని జీవితంలో ఒక అధ్యాయమే. కానీ వాళ్లిద్దరి మధ్య జరిగిన ఒక సంగతి మనం గుర్తుంచుకోవాలి. 1967లో ఆమె కోసం అతనొక ప్రేమగీతం రాశాడు. ఇద్దరూ కలిసి పాడారు. అప్పటికే వివాహిత అయిన బార్డో దాన్ని విడుదల చేయవద్దని కోరింది. అతను ఆపేశాడు. 1969లో జేన్ బర్కిన్‌తో మళ్లీ పాడి విడుదల చేశాడు. బార్డో గొంతుతో ఉన్న పాట ఆమె ఒప్పుకున్నాక 1986లోనే బయటికొచ్చింది. ఒక స్త్రీ 'వద్దు' అన్న మాట 19 ఏళ్లు చెల్లింది.

మరి చనిపోయినవాళ్ల మాట? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే జయలలిత మీద తీసిన సినిమా కేసులో, ఆ హక్కు మనిషితోనే పోతుందనీ, వారసులకు రాదనీ 2021లో మద్రాసు హైకోర్టు తేల్చింది. సావిత్రి 1981లోనే కన్నుమూసింది. ఆమె తరఫున 'వద్దు' అనడానికి చట్టంలో ఎవరూ లేరు.

అలాగని జీవితకథలు తీయకూడదని నేననను. కోర్టులు సినిమాల నోరు నొక్కితే రేపు మన కథలూ ఆగిపోతాయి. నేను కోరేది రెండే. బతికున్న స్త్రీ కథలోకి వస్తే ఆమెను అడగండి. లేని స్త్రీ అయితే ఆమె ప్రేమలూ కన్నీళ్లతో పాటు ఆమె చేసిన పనిని కూడా చూపించండి. ప్రేక్షకులుగా ఈ రెండూ అడిగే హక్కు మనకుంది. టిక్కెట్టు మనమూ కొంటున్నాం.