కుక్కకాటు - పంచాయతీల కర్తవ్యము

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఊరిలో కుక్క ఒక పసిబిడ్డను కరచినదని వినగానే మనలో పలువురు కర్ర చేతబట్టి కుక్క వెంట పరుగెత్తుదురు. ఆ తొందరలో బిడ్డను మరచెదము. ఒకరు కాటుపై కారము అద్దుదురు. వేరొకరు పసరు మందునకై పొరుగూరికి తీసికొనిపోవుదురు. అమూల్యమైన కాలము గడచిపోవును. రేబిస్ లక్షణములు బయటపడిన పిమ్మట రోగిని బ్రతికించుట దాదాపు అసాధ్యము. అంతకు ముందే సరియైన చికిత్స జరిగినచో ప్రాణము దక్కును.

కావున ముందు బిడ్డ సంగతి చూతము. గాయమును వెంటనే సబ్బుతోను, ధారగా పడు నీటితోను 15 నిమిషములు కడుగవలెను. ఆలస్యము చేయక ఆరోగ్య కేంద్రమునకు కొనిపోవలెను. బొడ్డు చుట్టు 14 సూదులు పొడిచెదరను భయము నేడు అనవసరము. ఆ పద్ధతి పోయినది. చేతి చర్మములో ఇచ్చు టీకాను మొదటి నాడును, అటుపిమ్మట 3, 7, 28 దినములకును వేయుదురు. రక్తము వచ్చిన గాయమునకు ఇమ్యునోగ్లోబ్యులిన్ అను మందు కూడ అవసరము. గాయము మానినదని నడుమ సూదులు మానరాదు.

ఇక కుక్కల సంగతి. అన్నిటిని చంపించినచో పీడ విరగడ యగునని మేమును ఒకప్పుడు తలచితిమి. కాని పెంటకుప్పలు, మాంసపు వ్యర్థములు ఊరిలో ఉన్నంత కాలము, ఖాళీయైన తావునకు టీకా లేని పొరుగూరి కుక్కలు వచ్చి చేరును. చచ్చిన వానిలో టీకా పొందినవియు ఉండవచ్చును. మన చేనికి వేసిన కంచెను మనమే నరికికొన్నట్లగును. విషపు సూదులతో వీథికుక్కలను చంపుట 1960 నాటి జంతు హింసా నివారణ చట్టము ప్రకారము నేరము కూడ.

10 కుక్కలలో 7 కుక్కలకైనను ఏటేట టీకా వేయించినచో వ్యాధి ప్రాకు దారి తెగిపోవును. సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించినచో వాని సంఖ్యయు క్రమముగా తగ్గును. వీథికుక్కలకు ఈ రెండును చేయించు బాధ్యతను 2023 నాటి నిబంధనలు స్థానిక సంస్థలపై ఉంచినవి. చికిత్స పిమ్మట కుక్కను పట్టిన వీథిలోనే విడువవలెను. అయితే బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లలో పట్టిన వానిని మరల అచ్చట విడువక, ఆశ్రయములకు తరలింపవలెనని 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించినది. పిచ్చి పట్టినదని అనుమానమున్న కుక్కను వేరుగా బంధించి పశువైద్యునికి తెలుపవలెను.

మా విన్నపము ఒక్కటే. వచ్చు సమావేశముననే ఊరి కుక్కలను లెక్కింపుడు. పశువైద్యునితో మాటాడి టీకాల దినమును నిర్ణయింపుడు. పెంపుడు కుక్కలను తోడ్కొని రమ్మని దండోరా వేయింపుడు. కాటు పడిన నాడు చేయవలసిన పనులను బడి గోడపై వ్రాయింపుడు. ఇందులో ఏ పనికిని గొప్ప ధనము అక్కరలేదు, శ్రద్ధ కావలెను. రేబిస్ వలన మన ఊరిలో ఒక్క బిడ్డయు మరణింపకుండుట మన చేతిలోని పనియే.