పాత యింటికి వచ్చిన నోటీసు

(మన సంఘ సభలో చేసిన ఉపన్యాస పాఠము)

మన పూర్వులు ఈ బొంబాయి నగరమునకు ఇండ్లు కట్టు పనికై వచ్చినవారు. సున్నము కలిపి, రాళ్ళు మోసి, ఇతరులకు మేడలు లేపినవారు. కామాఠీపురమను పేరే ఆ కూలివారిని బట్టి వచ్చినది. అట్టివారి సంతతియైన మనము నేడు తలమీది కప్పు ఎప్పుడు కూలునోయని వానకాలపు రాత్రులందు మేలుకొని కూర్చుండుచున్నాము.

ఈ దుస్థితికి కారణ మొకరి దోషము కాదు. 1947 నాటి అద్దె చట్టము అద్దెలను 1940 సెప్టెంబరు నాటి మట్టమున నిలిపినది. ఆనాడది బీదలను కాపాడినది. కాని ధరలు పెరిగినవి, అద్దెలు పెరుగలేదు. యజమాని మరమ్మతు మానెను. కిరాయిదారు ఇల్లు విడువడాయెను. నడుమ గోడ పగిలినది. 1999 నాటి చట్టము ప్రకారము మరమ్మతు యజమాని విధి. పదునైదు దినముల నోటీసు ఇచ్చినను అతడు చేయనిచో, కిరాయిదారులే చేయించుకొని ఖర్చును అద్దెలో మినహాయించుకొనవచ్చును. అయితే ఏడాది అద్దెలో నాల్గవ వంతుకు మించరాదు. మన చాళ్ళ అద్దెలో నాల్గవ వంతునకు రెండు బస్తాల సిమెంటు వచ్చిన గొప్పయే!

ఈ చిక్కు తెలిసియే ప్రభుత్వమువారు 1969 లో చట్టము చేసి, పాత కట్టడములపై సెస్సు విధించి, మరమ్మతు బోర్డును ఏర్పరచిరి. ఆ బోర్డు తరువాత మ్హాడాలో చేరినది. నగర కార్పొరేషనువారు ఏటేట వానలకు ముందు పాత కట్టడములను పరీక్షింతురు. ముప్పది యేండ్లు నిండిన ప్రతి కట్టడమును అర్హుడైన ఇంజనీరుచే పరీక్ష చేయింపవలెనని నియమము కలదు. సీ-1 అన్నచో వెంటనే ఖాళీ చేసి కూల్చవలసినది. సీ-2ఏ అన్నచో కొంత ఖాళీ చేసి పెద్ద మరమ్మతు. సీ-2బీ అన్నచో ఖాళీ చేయకయే మరమ్మతు. సీ-3 అన్నచో చిన్న మరమ్మతు. నోటీసు రాగానే అందరును వీధిలో పడుదురని భయపడ నక్కరలేదు. అందేమి వ్రాసియున్నదో ముందుగా చదువుకొనవలెను.

ఇచట దాచక చెప్పవలసిన మాట యొకటి కలదు. కొన్నేండ్ల క్రిందట మేముండు చాళ్‌కు అట్టి నోటీసు వచ్చినది. పెద్దలమని పేరు పెట్టుకొన్న మేమే దానిని గోడమీదనుండి చించి మా దుకాణపు గల్లాపెట్టెలో దాచితిమి. మనలను వెళ్ళగొట్టుటకు యజమాని పన్నిన పన్నాగమని అందరిని నమ్మించితిమి. ఆ శ్రావణమున ఒక రాత్రి రెండవ అంతస్తు వరండా కూలినది. అంతకు కొంచెము ముందే అచట పడుకొన్న పిల్లలను, జల్లు కొట్టుచున్నదని వారి అమ్మమ్మ లోనికి పిలిచినది. పిల్లలను కాచినది ఆమె పిలుపు. మా తెలివి కాదు.

అందరికి అట్టి అదృష్టము లేదు. 2017 ఆగస్టు 31న భేండీ బజారులో ఒక పాత కట్టడము కూలి 33 మంది మరణించిరి. అందలి కొన్ని కుటుంబములు అంతకు ముందే తరలిపోయియుండెను. ఉండిపోయినవారికి ముప్పు వచ్చినది. 2020 లో మన నేతపనివారు ఎందరో నివసించు భివండీలోను మరొక కట్టడము కూలి ఎందరో ప్రాణములు కోల్పోయిరి.

మన భయము కేవలము అజ్ఞానము కాదని మే మెరుగుదుము. ఒకమారు ఇల్లు విడిచిన తిరిగి వత్తుమా? ట్రాన్సిట్ క్యాంపులో పిల్లలు పెద్దవారై పోయిన కుటుంబములను చూచియున్నాము. ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క దిక్కునకు పోయిన, మన పండుగలు ఎవరితో? మన పిల్లలు తెలుగు మాట వినునది ఎక్కడ?

ఆ భయమునకు మందు నోటీసు దాచుట కాదు, హక్కు నెరుగుట. సాంగ్లీ ప్రాంతపు కార్పొరేషను కూల్చిన కట్టడము విషయమై 2014 లో సుప్రీంకోర్టువారు, కట్టడము పోయినంత మాత్రమున కిరాయి హక్కు పోదని తీర్పు చెప్పిరి. సెస్సు కట్టడములను తిరిగి కట్టునప్పుడు అర్హుడైన ప్రతి కిరాయిదారునకు కనీసము 300 చదరపు అడుగుల కార్పెట్ స్థలము ఈయవలెనని నియమము.

కావున మా మనవి యిది. అద్దె రసీదులు, పగడీ కాగితములు, పాత కరెంటు బిల్లులు ఒక చోట భద్రపరచుకొనుడు. తాతగారి పేరనే యున్న రసీదును నేటి వారసుల పేరికి మార్పించుకొనుడు. నోటీసు వచ్చిననాడు చాళ్‌వారందరిని కూర్చుండబెట్టి మన భాషలో చదివి వినిపింపుడు. ఖాళీ చేయుటకు ముందు, ఎవరి గది ఎంతయో అధికారులచే కొలిపించి, ఆ పట్టిక నకలు చేత పుచ్చుకొనుడు. సంఘముగా ఏర్పడి ఒకే మాటపై నిలువుడు. మనలో ఇంటి యజమానులైనవారు మరమ్మతును రేపటికి నెట్టకుడు.

ఆ నోటీసు నేటికిని మా గల్లాపెట్టెలో నున్నది. దానిని చూచినప్పుడెల్ల సిగ్గు కలుగుచున్నది. మీలో ఎవరి పెట్టెలోనైన అట్టి కాగితమున్నచో, రేపు ఉదయమే బయటకు తీయుడు. తెలుగువారెవరైనను చదువుకొనుటకు సాయము కావలెనన్న సంఘపు గదికి రండు. సాయంకాలము మేమచట కూర్చుండి యుందుము.