మయసభలో అంగడి



వర్తకాభివృద్ధిని గూర్చి ప్రసంగింపుమని నన్ను కోరినప్పుడు నాకు నవ్వు వచ్చినది. ముప్పదియైదు సంవత్సరములు బడిపిల్లలకు సంధులును సమాసములును చెప్పి విశ్రాంతి గొన్నవాడను. నా జన్మమున ఒక సూదినైనను లాభమునకు అమ్మి యెరుగను. అయినను కథలాపూరు ప్రాంతమున కాపురముండు వానికి వర్తకపు చిక్కులు తామే వెదకికొని ఇంటి ముంగిటికి వచ్చును. కావున ఈ పూట మీకు రెండు అంగళ్ల కథ చెప్పెదను. ఒకటి లేని యూరిలోనిది. రెండవది ఉన్న యూరిలోనిది. రెండును తమ్ము తామే పాలించుకొను ఊళ్లే.

కొన్ని యేండ్ల క్రిందట సెలవులకు వచ్చిన మా మనుమడు కంప్యూటరు తెరమీద నాకొక పట్టణమును చూపెను. వీధులు, మేడలు, నడుమ గడియారపు గోపురము. ఆ వీధులలో మనుష్యాకృతులు తిరుగుచుండెను. ఒక్కొక్క యాకృతి వెనుక ఏదో యొక దేశమున కుర్చీలో కూర్చుండి దానిని నడపుచున్న నిజమైన మనుష్యుడు కలడట. వాడొక దుకాణమును చూపి, "తాతా, ఇది నాదే. బట్టలమ్ముత. ఈ ఊరికి సభ ఉన్నది, ఎన్నికలున్నయి, పన్నులున్నయి. గిరాకి ఒక్కటే లేదు" అనెను.

నాకు ధర్మరాజు మయసభ జ్ఞప్తికి వచ్చినది. నేలను చూచి నీరనుకొని బట్ట లెత్తిపట్టుకొన్న దుర్యోధనుని వలె నేనును ఆ తెర ముందట తెల్లబోయితిని. అయితే మయసభలో ఎవ్వరును అంగడి పెట్టలేదు. ఇచ్చట వర్తకము నిజముగనే జరుగుచున్నది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో లిండెన్ ల్యాబ్ అను సంస్థ 2003లో ఈ లోకమును జనులకు తెరచినది. దాని పేరు సెకండ్ లైఫ్, అనగా రెండవ జీవితము. అందు చెలామణి యగు నాణెము లిండెన్ డాలరు. సుమారు 250 లిండెన్ డాలర్లకు ఒక అమెరికా డాలరు వచ్చును. ఆన్షీ చుంగ్ అను మారుపేరుతో మెలగిన యొక స్త్రీ, ఆ లేని లోకపు భూములను కొని, అమ్మి, అద్దెకిచ్చి, తన ఆస్తి పదిలక్షల డాలర్లకు చేరినదని 2006లో ప్రకటించినది. మన మాగాణి రైతు ఈ మాట విన్నచో తలగుడ్డ తీసి నేలమీద కొట్టునేమో!

నాకు వింత గొలిపినది ధనము కాదు, పాలనము. ఆ లోకమున భూమికెల్ల యజమాని ఆ సంస్థయే. అయినను కొందరు నివాసులు ఒకచోట చేరి 2004లో న్యూఆల్టెన్‌బర్గ్ అను పట్టణమును నిర్మించుకొనిరి. పాత జర్మను పట్టణముల పోలిక. వారు తమకొక రాజ్యాంగమును వ్రాసికొని, ప్రతినిధి సభను ఎన్నుకొని, భూమిశిస్తును తామే నిర్ణయించుకొనిరి. అటుపిమ్మట రోమకుల తీరున మరియొక పట్టణమును చేర్చుకొని సమాఖ్య యైరి. విశ్వామిత్రుడు త్రిశంకునికై కట్టిన స్వర్గము వంటిదే యిది. క్రింద భూమియు లేదు, పైన ఇంద్రుని యధికారము ఉండనే యున్నది, నడుమ ఒక స్వతంత్రము. మన గ్రామ స్వపరిపాలనము మాత్రము ఇంతకంటె మిక్కిలి వేరా?

మా మనుమని యంగడి వేరొక పట్టణమున నుండెను. దాని పేరు మనకు పనిలేదు. గిరాకి ఏల లేదని వానిని ప్రశ్నించితిని. వాని ప్రత్యుత్తరములు వినగా నాకు వర్తకశాస్త్రము కొంత బోధపడినది. ఆ లోకమున ఆకలి లేదు. కావున కిరాణము లేదు. ఎండవానలు లేవు, కావున గొడుగు అమ్మువాడు లేడు. అన్నిటికంటె ముఖ్యముగా, దారి లేదు. ఇచ్చట కోరుట్లకు పోవువాడు బస్సు దిగి నాలుగడుగులు వేసినచో పది దుకాణములు కంటబడును. ఒకటి కొనవచ్చినవాడు మూడు కొని పోవును. అచ్చట మీట నొక్కినంతనే కోరిన చోటికి ఎగిరిపోవచ్చును. ప్రక్క వీధిలో అంగడి యున్నట్లు బాటసారికి తెలియదు. అసలు బాటసారియే లేడు.

ఆ పట్టణసభవారు నెలల తరబడి చర్చించిరట. అంగళ్లకు అద్దె తగ్గింపుడని యొకరు, బోర్డులు కట్టింపుడని మరియొకరు. ఎవరో తెలివిగలవారు, సంగీతసభలును నాట్యములును పెట్టింతమనిరి. ఆ మాట నాకు నచ్చినది. వేములవాడ రాజన్న జాతరకు గాజులవానిని ఎవ్వరు పిలిచిరి? బొరుగుల వానికి ఎవ్వరు అద్దె మాఫీ చేసిరి? కోడె మ్రొక్కు చెల్లింప జనము వచ్చును. జనము వెంట బేరము వచ్చును. ఆ లేని యూరిలోను పాటకచ్చేరి పెట్టిన రాత్రులలో అంగళ్లు కొంత కళకళలాడెనట.

కాని కథ అంతటితో ముగియలేదు. సంవత్సరము తిరుగకముందే సభవారు నడుమ నియమము మార్చిరి. ఏడాదికని చెప్పిన తక్కువ అద్దెను ఆరవ నెలలో రెట్టింపు చేసిరి. వర్తకులు ఒక్కరొక్కరుగా జారుకొనిరి. మా వాడును మూటకట్టెను. వాడు నష్టపడినది మన లెక్కను ఒక సినిమా టికెట్టు ఖరీదే. కాని వాడు పలికిన మాట నాకు మరపునకు రాలేదు. "అద్దె పెరిగిందని కాదు తాతా, రేపు ఏం మారుస్తరో తెలువది" అనెను.

ఆ లోకముననే 2007లో జింకో అను పేర ఒక బ్యాంకు మూతపడినది. అత్యధికమగు వడ్డీ ఇత్తుమని ఆశ చూపి, జనుల సొమ్ము చేర్చి, ఆగస్టు నెలలో చేతులెత్తినది. పోయినది సుమారు ఏడున్నర లక్షల అమెరికా డాలర్ల విలువ యని లెక్క. 2008 జనవరిలో సంస్థవారు, అధికారపత్రము లేనివారెవ్వరును వడ్డీ నిచ్చెదమని డిపాజిట్లు సేకరింపరాదని నిషేధించిరి. ముందు విచ్చలవిడి, పిమ్మట కఠినాజ్ఞ. ఈ రెంటి నడుమ నలిగినవాడు చిన్న వర్తకుడు.

ఈ రహస్యమును చక్కగ నెరిగిన ప్రభువొకడు మన తెలుగుదేశమున నుండెను. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున నొక శాసనమును వేయించెను. మోటుపల్లి నేడు బాపట్ల జిల్లాలో చేరియున్నది. తుపానున చిక్కి ఓడ యొకటి దారి తప్పి తీరమునకు కొట్టుకొని వచ్చినచో, అందలి ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు సమస్తమును పూర్వరాజులు బలాత్కారముగ లాగుకొనెడివారట. ప్రాణములకంటె ధనమే గొప్పదని తలచి సముద్రమున సాహసించు వర్తకులయెడ దయతో, క్లుప్తమగు శుల్కము తప్ప మరేమియు తాను గైకొననని గణపతిదేవుడు అభయమిచ్చెను. శుల్కము ముప్పదింట ఒక పాలు. దానిని రాతిమీద చెక్కించి రేవుననే నిలిపెను. చూచితిరా! ఆయన వర్తకులకు ధనసహాయము చేయలేదు, అంగళ్లు కట్టించి యీయలేదు. తన చేతిని తానే కట్టుకొని, ఆ కట్టును నలుగురికి కనబడునట్లు రాతిమీద వేయించెను. ఆ శతాబ్దాంతమున మార్కోపోలో అను వెనీసు యాత్రికుడు ముత్ఫిలి యని పేర్కొన్నది ఈ మోటుపల్లియే యని చరిత్రకారులందురు. అచ్చటి వస్త్రములు సాలెగూటి వలె సన్ననివని అతడు మెచ్చుకొనెను.

ఇక ఉన్న యూరి యంగడి. మా జగిత్యాల ప్రాంతమునను, నిజామాబాదు వైపునను గ్రామాభివృద్ధి కమిటీలు కలవు. వీడీసీ యన్న చిన్నపిల్లవాడును ఎరుగును. పంచాయతీరాజ్ చట్టము వీనిని పుట్టింపలేదు. ఆయా కులముల పెద్దలు కలిసి కూర్చుండి తామే ఏర్పరచుకొన్నవి. వీని వలన జరిగిన మేలును కాదనను. గుడులు లేచినవి, బడికి గదులు వచ్చినవి, బోర్లు పడినవి. కాని సొమ్మెక్కడిది? చాలచోట్ల హర్రాజు వలన. కల్లు అమ్ముటకు, కోడిమాంసము అమ్ముటకు, బెల్టు దుకాణము నడపుటకు సంవత్సరమునకు ఒక్కనికి హక్కు. ఎక్కువ పాడినవానిదే యంగడి. ఇతరుడమ్మినచో జుర్మానా. జుర్మానా కట్టనిచో బహిష్కారము.

నేను పనిచేసిన యొక గ్రామమున, ఆ యూరి పేరు చెప్పను, నా శిష్యుడొకడు ఎనిమిది సంవత్సరములు మస్కటులో ఇనుపకడ్డీలు వంచి, నాలుగు డబ్బులు కూడబెట్టుకొని తిరిగి వచ్చెను. మా ప్రాంతమున ప్రతి వాడయు గల్ఫునకు కొందరిని పంపినదే. తిరిగి వచ్చినవారు చేయు పని సామాన్యముగ ఇల్లు కట్టుట, లేనిచో మరల పోవుట. వీడు మాత్రము ఊరిలోనే యుండెదనని కోళ్ల దుకాణము పెట్టెను. పదిరోజులలో కమిటీ పిలుపు వచ్చినది. హక్కు వేరొకడు పాడుకొన్నాడు; పదివేలు కట్టుమనిరి. వీడు కట్టననెను. మరునాటినుండి వాని దుకాణమున ఎవరును కొనరాదు, వాని ఇంటివారితో మాటాడరాదు, మాటాడినవారికిని తప్పు.

రాత్రి చీకటిపడిన పిమ్మట వాడు మా యింటికి వచ్చి గడప యవతలనే నిలుచుండెను. "పంతులు సారూ, లోపటికి రాను. నేనొచ్చిన్నని తెలిస్తే మీకు సుత తప్పు పడ్తది" అనెను. వానిని చేయి పట్టుకొని లోనికి తీసికొని వచ్చితిని. వాడొక కాగితము చూపెను. హర్రాజు నియమముల ప్రతి. అందు "ఇతరు లెవ్వరును విక్రయింపరాదు, విక్రయించినచో దండనార్హులు" అని ముచ్చటైన గ్రాంథికమున వ్రాసియున్నది. అక్షరములు ముత్యములవలె నున్నవి. అవి నావియే. నాలుగేండ్ల క్రిందట కమిటీవారు, పంతులు గారు చక్కగ వ్రాయుదురని నాచేత వ్రాయించిరి. గుడి పని కదా యని నేనును పొంగిపోయి వ్రాసితిని. విక్రయింపరాదన్న మాటలో సంధి చూచుకొంటినే కాని, అది యెవని నోటికాడి కూడును తీయునో చూచుకొనలేదు.

ఊరు తన్ను తాను పాలించుకొనుచు వర్తకమును పెంచుకొనుటకు వేరొక మార్గము లేదా? దూరము పోనక్కరలేదు. పూర్వము మన కరీంనగరు జిల్లాలో నుండి, నేడు హనుమకొండ జిల్లాలో చేరిన ముల్కనూరున, అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారి పూనికతో 1956లో సహకార సంఘ మొకటి యేర్పడెను. 14 గ్రామములు, 373 మంది సభ్యులు, వాటాధనము 2,300 రూపాయలు. అంతే! ఆ సంఘము అప్పులిచ్చినది, ఎరువులు తెచ్చినది, ధాన్యమును ప్రత్తిని కొన్నది, బియ్యపు మిల్లును ప్రత్తి జిన్నింగు మిల్లును పెట్టినది. ఆ పిమ్మట అచ్చటి స్త్రీలు తమ పాల సంఘములను ఒక సమాఖ్యగా కూర్చి డెయిరీ నెలకొల్పిరి. స్వకృషి యను పేర వారి పాలు అమ్ముడగుచున్నవి. హర్రాజు కమిటీయు ముల్కనూరు సంఘమును ఊరివారు కట్టుకొన్నవే. భేద మెందున్నది? ఒకటి అమ్ముకొను హక్కునే అమ్ముకొని తినును. రెండవది సభ్యుని పంటను కొని, దానికి వెల పెంచి, మిగులును వాడుకను బట్టి సభ్యునికే పంచును. ఒకచోట పదిమంది అంగడి పెట్టినచో కమిటీకి నష్టము. రెండవచోట పదిమంది ఎక్కువ పండించినచో సంఘమునకు లాభము.

ఒక్క చేతిమీద ఆధారపడుట అమ్మువానికే కాదు, నేయువానికిని ముప్పే. 2017 నుండి ప్రభుత్వమువారి బతుకమ్మ చీరలు సిరిసిల్ల మరమగ్గములకు పని కల్పించినవి. ఆ చీరల పని 2024లో నిలిచినప్పుడు ఆ వాడలలో ఎంతటి యాందోళనము పుట్టెనో పత్రికలు చదువువా రెరుగుదురు. కొనువాడొక్కడే యైనచో వానికి తలనొప్పి వచ్చిన నాడు ఊరంతకును జ్వరము.

సరే. మరునాడు నేను కమిటీ ముందటికి పోయితిని. నాకు తెలిసిన విద్య యొక్కటే. మోటుపల్లి శాసనమును వినిపించితిని. పెద్దమనుష్యు లోపికతో విని నవ్విరి. ఒకడు, "పంతులూ, మన ఊరికి సముద్రమేడిది, ఓడలేడియి?" అనెను. "మస్కటు నుండి కొట్టుకొని వచ్చి మన తీరమున చేరినవాడు ఓడ కాడా? వాని సరకును లాగుకొందమా?" అంటిని. కొంతసేపు ఎవ్వరును మాటాడలేదు. పిమ్మట చాలసేపు మాటాడిరి. హర్రాజు మాన్పినచో గుడి ప్రాకారమునకు సొమ్మెట్లు వచ్చునని వారి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నయే. ప్రతి దుకాణము నుండి నెలకింత యని, అందరికి ఒక్కటే లెక్కగా, ముందుగా చెప్పి తీసికొనుడంటిని. జమాఖర్చులు చావడి గోడకు అంటింపుడంటిని. మొదటి మాటకంటె రెండవ మాటకే కొందరి ముఖములు చిన్నబోయినవి.

బహిష్కార మెత్తివేసిరి. పదివేలు రెండువేలైనది, వాడు కట్టెను. నేను వలదంటిని, కాని వానికి దుకాణము తెరచుట ముఖ్యము. హర్రాజు మాత్రము అట్లే యున్నది. రాబోవు సంవత్సరపు నియమములు వ్రాయుమని మొన్న కమిటీ నుండి తెల్లకాగితము వచ్చినది. దుకాణపు రుసుము, జమాఖర్చుల ప్రకటనము, ఈ రెండును చేర్చినచో వ్రాసెదనని కబురంపితిని. ప్రత్యుత్తర మింకను రాలేదు. కాగితము నా బల్లమీదనే యున్నది.

సమయమైనది. సెలవు.